శరత్కాలపు గుర్తులు – మన శకునములు

ఇంగ్లీషు పుస్తకములు చదువుకొన్న మన పిల్లలకు శరత్తనగానే ఆకు రాలుట జ్ఞప్తికి వచ్చును. ఎఱ్ఱబారిన చెట్లు, దారినిండ రాలిన ఆకులు, చలికోటు తొడిగిన మనుష్యులు వారి చిత్రపటములలో కానవత్తురు. ఆ చిత్రము ఆ దేశములకు సత్యమే. ఓరుగంటిలో మాత్రము ఆశ్వయుజమున ఏ చెట్టును ఆ విధముగా మోడువారదు. మన టేకులు, మోదుగులు ఆకు విడుచుటకు శిశిరము రావలెను. మనకు శరత్తనగా తేరుట. వాన తేరును, చెరువు తేరును, ఆకాశము తేరును. ఆ తేటదనము ఎక్కడో కావ్యములలోనే గాక మన పెరటిలో, వసారాలో, బావిగట్టున ప్రతిదినము కనబడుచుండును గాని, చూడనేర్చిన వారు అరుదు.

మా యింట చూడనేర్చిన మనిషి ఒక్కతె యుండెను. ఆమె మా మేనత్త. ఆమె చదివినది తెలుగు పెద్దబాలశిక్ష మాత్రమే. హనుమకొండలోని మా పాతయింటి దక్షిణపు వసారాలో షాబాదు బండలు పరచియున్నవి. ఆ బండలే ఆమెకు పంచాంగము. "ఎండ రెండవ బండకు వచ్చింది, ఇక జాడీలు బయట పెట్టవచ్చు" అనెడిది. చిన్నతనమున మాకది నవ్వులాటగా నుండెడిది. తరువాత భూగోళశాస్త్రము చదివినప్పుడు ఆ మాటలోని లెక్క తెలిసినది. ఓరుగల్లు భూమధ్యరేఖకు ఉత్తరముగా దాదాపు 18 డిగ్రీల దూరమున నున్నది. కావున మే నెల నడుమనుండి ఆగష్టు మొదటి దినములవఱకు మధ్యాహ్న సూర్యుడు మా నడినెత్తికి ఉత్తరముగా నుండును. ఆ దినములలో దక్షిణపు వసారాలోనికి మధ్యాహ్నపుటెండ అడుగుపెట్టదు. ఆగష్టు గడచినకొలది సూర్యుడు దక్షిణమునకు జరుగును, ఎండ బండవెంబడి బండగా లోపలికి వచ్చును. సెప్టెంబరు 23 ప్రాంతమున పగలును రాత్రియు సమమగునప్పటికి మొదటి బండ దాటును. దీపావళినాటికి మూడవ బండను పట్టును. ఆకాశమున సూర్యుడు చేయు మహాప్రయాణమును మా మేనత్త బియ్యము చెరుగుచు కూర్చున్నచోటనే కొలిచెడిది.

ఆమె చూపిన గుర్తులు ఇంకను కలవు. శ్రావణభాద్రపదములలో పచ్చగా నున్న ప్రహరిగోడ నాచు ఆశ్వయుజమున నల్లబడి పెచ్చులుగా లేచును. బావిచెంత కప్పల కచేరి ఆగిపోవును. సాయంకాలము దీపముచుట్టు ముసరు పురుగులు పలుచబడును. ఉదయమున గుమ్మడిపాదు ఆకులమీద మంచుబొట్లు నిలుచును. చెరువుగట్ల వెంబడి రెల్లు తెల్లగా పూయును. ప్రత్తికాయ పగులును, కొన్ని దినములకు ఎనుమాముల మార్కెటుదారి ప్రత్తిబండ్లతో నిండును. పారిజాతము రాత్రి పూచి తెల్లవారకముందే తనంతట తాను నేల రాలును. నేలబడిన పువ్వు పూజకు పనికిరాదని తక్కిన పూలవిషయమున పట్టుబట్టు మనవారు ఈ యొక్క పువ్వును మాత్రము నేలనుండియే ఏరి దేవుని కర్పింతురు. ఆ చిన్న మినహాయింపు నాకు మిక్కిలి ప్రియము.

సాయంకాలముల పెరటిపైన పసుపువన్నె తూనీగలు గుంపులుగా తిరుగును. పిల్లలు వాని తోకకు దారము కట్టి ఆడుకొందురు. ఆ పురుగు ఎంత దూరపు బాటసారియో మన కిటీవలనే తెలిసినది. మాల్దీవులలో నివసించిన ఛార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు, ఈ జాతి తూనీగలు అక్టోబరు మొదలుకొని గాలుల సాయమున మనదేశపు దిక్కునుండి హిందూమహాసముద్రమును దాటి తూర్పు ఆఫ్రికాకు పోవుచున్నవని 2009లో ప్రతిపాదించెను. దారము కట్టిన పిల్లవానికి ఈ సంగతి చెప్పి చూడుడు. వాడు విప్పివేయును. నేను చెప్పి చూచితిని.

ఇవి యన్నియు గుర్తులు. గుర్తు దేనిని గూర్చి చెప్పును? తన్ను కలుగజేసిన దానిని గూర్చి చెప్పును. చామంతి మొగ్గ తొడిగినదనగా రాత్రి పొడుగైనదని యర్థము. కొన్ని మొక్కలు పగటిరాత్రుల పొడవును బట్టియే పూయునని అమెరికాలో గార్నరు, అల్లార్డు అను నిరువురు 1920లో ప్రకటించిరి. చామంతియు అట్టిదే. దాని ప్రక్కన రాత్రి వేళ దీపము వెలిగించి రాత్రిని నడుమ తెంచినచో పూత ఆలస్యమగును. చామంతికి మన పండుగ తెలియదు. దానికి చీకటి నిడివి తెలియును.

గుర్తును కారణమనుకొనుట మన మొదటి పొరపాటు. తెల్లవారుజామున దక్షిణదిక్కున, ఆకాశమున కొంచెమెత్తులో, మిక్కిలి కాంతిగల నక్షత్రమొకటి ఈ కాలమున కానవచ్చును. అది అగస్త్యుడు. అగస్త్యోదయమువలన నీరు తేటపడునని మన పూర్వులు చెప్పిరి. వారు చూచినది అసత్యము కాదు. ఆ నక్షత్రము తెల్లవారుజామున మరల కనబడు దినములు దాటినకొలది భద్రకాళి చెరువు నీటిలోని ఎఱ్ఱదనము తగ్గుటయు నిజమే. కాని నీటిని తేర్చినది నక్షత్రము కాదు. వాన తగ్గగా చేలనుండి మట్టి కొట్టుకొనివచ్చుట ఆగినది, వచ్చిన మట్టి అడుగునకు దిగినది. భూమి సూర్యుని చుట్టును తిరుగుటలో ఒక చోటికి వచ్చినందున అక్కడ నక్షత్రము కనబడినది, ఇక్కడ వాన వెనుదిరిగినది. ఒకే యేరు రెండు పాయలైనట్లు రెండును ఏకకాలమున వచ్చినవి. ఈ పొరపాటువలన ఎవరికిని హాని కలుగలేదు. నక్షత్రమునకు లేని గౌరవ మొకటి దక్కినది, అంతియే.

రెండవ పొరపాటు అట్టిది కాదు. అది గుర్తును శకునముగా మార్చుట. గుర్తు ఋతువును గూర్చి చెప్పును. శకునము నన్ను గూర్చి చెప్పవలెనని నేను కోరుదును. కాటుకపిట్టను చూడుడు. తోక పైకి క్రిందికి ఆడించుచు నీటియొడ్డున పరుగెత్తు ఈ పిట్టలలో కొన్ని జాతులు హిమాలయ ప్రాంతములనుండియు, వానికి ఉత్తరపు దేశములనుండియు శరత్తున మనవైపు దిగివచ్చును. సంస్కృతమున దీనిని ఖంజనమందురు. క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖంజన లక్షణములకు ఒక యధ్యాయమునే కేటాయించెను. ఏ చోట కనబడిన నేమి ఫలమో అందు వివరించెను. ఆయనయే పంచసిద్ధాంతిక రచించి గ్రహగతులను లెక్కించిన మహాగణితజ్ఞుడు. పిట్ట వచ్చు కాలమును కనిపెట్టిన కన్నును, ఆ పిట్ట చూచువాని యదృష్టమును మోసికొనివచ్చినదని నమ్మిన మనస్సును ఒక్కని యందే యుండెను. కావున ఈ పొరపాటు మూర్ఖులదని తలచి మనము నవ్వుకొనుటకు వీలులేదు.

మన ప్రాంతమున ఖంజనముకంటె పాలపిట్టకు ప్రఖ్యాతి యెక్కువ. దసరానాడు దానిని చూచుట శుభమని ఊరిబయటికి పోవుదుము, జమ్మియాకు తెచ్చి బంగారమని పెద్దల చేతులలో పెట్టి కాళ్లకు మ్రొక్కుదుము. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినప్పుడు రాష్ట్రపక్షిగా పాలపిట్టను, రాష్ట్రవృక్షముగా జమ్మిని, రాష్ట్రపుష్పముగా తంగేడును ఎన్నుకొనిరి. మూడును ఆశ్వయుజమున మన నోట మెదలునవే. పాలపిట్ట ఎక్కడినుండియో ఆ దినమునకై వచ్చు పక్షి కాదు. అది మనతోడనే యుండును. వానలు వెనుకబట్టి చేలు నిండుగా నున్నప్పుడు తీగెలమీదను మొండికొమ్మలమీదను కూర్చుండి మిడుతలను పురుగులను పట్టి తినును. కూర్చున్నప్పుడు బూడిదరంగు పిట్టవలె నుండి, ఎగిరినంతనే రెక్కలలోని నీలము మెఱయును. ఆ మెఱపు చూచినవాడు ఆ నిమిషమైనను తన చింతలు మఱచును. శుభమనగా అంతకంటె వేఱేమి కావలయునో నాకు తెలియదు.

కాని పట్టణము పెరిగినది, ఊరిబయలు దూరమైనది. నడిచి పోవుటకు తీరికలేని వారికొఱకు ఇంకొక యేర్పాటు పుట్టినది. పక్షులను పట్టువారు పాలపిట్టను వలవేసి తెచ్చి, రెక్కలు కత్తిరించియో కాళ్లు కట్టియో, పంజరములో పెట్టుకొని వీధులవెంట తిప్పుదురు. డబ్బిచ్చి గృహస్థులు దర్శనము చేసికొందురు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. చట్టము సంగతి యటుంచుడు. తర్కము చూడుడు. తనంతట తాను ఎదురైనందుననే గదా పిట్ట శకునమైనది! డబ్బిచ్చి గుమ్మములోనికి రప్పించుకొన్నది ఏ విధముగా శకునమగును? తన యుత్తరమును తానే వ్రాసికొని టపాలో వేసి, వచ్చినదని సంతోషించువాని కథవలె నున్నది. అయినను ఆ సంతోషమునకు మూల్యము చెల్లించునది వాడు కాదు, రెక్కలు తెగిన పక్షి.

ఇంతవఱకు నిర్భయముగా వ్రాసితిని. ఇక వ్రాయబోవునది మా యింటి సంగతి. చేయి కొంచెము వెనుకాడుచున్నది.

1974 దసరానాడు ఉదయమున మేము నలుగురు పిల్లలము క్రొత్తబట్టలు కట్టుకొని మా నాయనగారి వెంట పాలపిట్టను చూచుటకు బయలుదేరితిమి. వాకిట మా మేనత్త రాలిన పారిజాతపు పూలు ఏరుచుండెను. ఆమెకు పదుమూడవయేట పెండ్లియు, పంతొమ్మిదవయేట వైధవ్యమును కలిగినవి. మేము మెట్టు దిగుచుండగా ఆమె తలయెత్తి చూచి చిరునవ్వు నవ్వెను. మా నాయనగారు ఆగిరి. ఆయన కోపిష్టి కాడు, చెల్లెలియందు ప్రేమలేనివాడును కాడు. ఆమెను జీవితాంతము పోషించినవాడు. అయినను ఆయన ఒక్క మాటయు పలుకక మమ్ములను వెనుకకు త్రిప్పి, లోపల కూర్చుండబెట్టి, మంచినీళ్లు త్రాగించి, మరల బయలుదేరదీసిరి. రెండవసారి మేము దిగునప్పటికి వాకిలి ఖాళీగా నుండెను. ఏరిన పూలు గల ఇత్తడి గిన్నె మాత్రము మెట్టుప్రక్కన నుండెను.

ఆ దినము మాకు పాలపిట్ట కనబడలేదు. ఎండలో తిరిగి తిరిగి యింటికి వచ్చితిమి. నా చెల్లెలు ఏడుచుచుండగా మా మేనత్త పెరటిలోనికి తీసికొనిపోయి, "ఏడువకు, రేపు పొద్దున లేపుత. మన బావివెనుక తీగమీద దినాం కూసుంటది" అనెను.

ఆ మాట నాకు తెలివివచ్చిన తరువాతనే బోధపడినది. శుభశకునమును దినదినము చూచుచున్న మనిషి మా యింట ఆమె యొక్కతెయే. పిట్టను చూచుటవలన భాగ్యము కలుగునన్న మాట నిజమైనచో ఆమెకంటె భాగ్యవతి హనుమకొండలో నుండరాదు. ఆమెను చూచుటవలన చెఱుపు కలుగునన్న మాట నిజమైనచో, ప్రతి యుదయము ఆమె చేతి కాఫీ త్రాగి కచ్చేరికి పోవుచుండిన మా నాయనగారికి ముప్పదియేండ్లలో ఒక్క దినమైనను మంచి జరిగియుండరాదు. రెండు లెక్కలును మా కన్నులయెదుటనే తప్పినవి. ఎవరును లెక్క చూచుకొనలేదు. శకునములో నున్న సౌకర్యమే యది. దానికి లెక్క అప్పగింపవలసిన పనిలేదు.

1856లో వితంతు వివాహమునకు చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఈ తేదీలు మన పిల్లలు పరీక్షలకు వల్లించుచున్నారు. వల్లింపదగినవే. కాని వివాహము చట్టమునకు లోబడు వ్యవహారము. మెట్టు దిగుచున్నవాడు ఎదుట నున్న యామెను చూచి వెనుకకు తిరుగుట ఏ చట్టమునకు లోబడును? పాలపిట్టను పంజరమున పెట్టిన నేరమున కొక శాసనము కలదు. మనిషిని శకునమున పెట్టినందుకు ఏ శాసనమును లేదు, వ్రాయుటకును వీలులేదు. అది ఇంటింట, గడపగడపను, ఎవరికి వారు తమలో తీర్చుకొనవలసిన వ్యాజ్యము.

నావాదమునకు రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: శకునములు లేకున్న జనులు పిట్టనే చూడరు, ఋతువునే గమనింపరు, ఆచారమే గదా వారిని ఇల్లు వెడలించి ఆకాశమువైపు చూపు త్రిప్పించినది అని. ఇది బలమైన మాట. నన్నును మొదట ఆకాశమువైపు చూపించినది దసరా ఆచారమే. దానిని తీసివేయుమని నేను చెప్పను. పిట్టను వెదకికొని పోవుటలో వినయము కలదు. కనబడకపోవచ్చునని తెలిసియే పోవుదుము. ఆ కనబడకపోవుటను ఓర్చుకొనలేకపోవుటయందే పంజరము పుట్టినది. దోషమును నెత్తిన వేయుటకు మనిషిని వెదకుటయు అందే పుట్టినది.

రెండవ యాక్షేపణ నన్ను చాలకాలము బాధించినది. మా మేనత్త తానును శకునములు నమ్మెను. మరుసటి యేటినుండి దసరా యుదయమున ఎవరును చెప్పకయే పెరటివైపు పోయెడిది. "నేనెదురొస్తే మీకు మంచిది కాదు" అని తానే యనెడిది. తానే నమ్మి, తానే తొలగు మనిషిని బలవంతముగా వాకిట నిలుపుటకు సంస్కర్తకు అధికారమేమి? కాలేజీలో చేరిన క్రొత్తలో నేనొకసారి ఆమె చేయిపట్టి ముందువాకిటికి లాగితిని. ఆమె వణకెను. నేను గొప్పపని చేసితినని గర్వపడితిని. ఇప్పుడు తలచుకొన్న ఆ గర్వమునకే సిగ్గగుచున్నది. ఆమెకు కావలసినది నా వాదము నెగ్గుట కాదు. ముప్పది యేండ్లు ఇంటివారి ముఖములు చూచి ఆమె నేర్చుకొన్న నమ్మక మది. ముఖములు మారక నమ్మకము మారుమనుట న్యాయమా?

బతుకమ్మ సంగతి చెప్పి ముగింతును. ఈ పండుగ 2014లో రాష్ట్రపు పండుగయైనది గాని, ఓరుగల్లు ఆడువారికి ఏనాటినుండియో తమ సొంతము. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై, ఆఱవనాడు అలిగిన బతుకమ్మయని పేర్పక విడిచి, సద్దుల బతుకమ్మతో ముగియును. ఆ సాయంకాలము పద్మాక్షి గుట్ట పాదమున నిలిచి చూచినవారికి పూలు నడిచి వచ్చుచున్నట్లు తోచును. పురోహితుడు లేడు, మంత్రము లేదు. పూజకు తెచ్చునవి తోటమాలి పెంచిన పూలే కావు. గునుగు జొన్నచేలలోను మొక్కజొన్నచేలలోను రైతు పెరికివేయు కలుపు. తంగేడు గట్లమీద బీడులలో ఎవరును నాటకయే పెరుగు పొద. దాని బెరడుతో తోలు పదునుచేయుదురు. ఏడాది పొడుగున లెక్కకురాని మొక్కలు ఈ తొమ్మిది దినములు తాంబాలమెక్కును. కలుపును నెత్తిన పెట్టుకొన్న పండుగలోనే మనిషిని కలుపుగా ఏరి ప్రక్కన పెట్టిన యిండ్లు గలవు. మా యిల్లు అట్టిదే.

మా యింట గునుగు కోసికొనివచ్చుట, కట్టలు కట్టుట, కాడలు సమముగా తెగగోయుట, రంగులద్ది ఆరబెట్టుట మా మేనత్త పనియే. పేర్చుట మాత్రము మా తల్లిగారిది. పసుపుతో చేసిన గౌరమ్మను శిఖరమున నిలుపునప్పుడు మేనత్త వంటయింటిలో సద్దులు కలుపుచుండెడిది. మా తల్లిగారు పోయిన తరువాత 1996లో తాంబాలము నా భార్య చేతికి వచ్చినది. ఆమె ఉపన్యాసము చేయలేదు. నావలె చేయిపట్టి లాగలేదు. గుమ్మడియాకులు తాంబాలమున పరచి, తాంబాలమును ఎత్తుకొనిపోయి మా మేనత్త కూర్చున్న దక్షిణపు వసారాలో, ఆమె మోకాళ్లయెదుట దించెను. "పెద్దమ్మా, నాకు వరుస వంకరపోతది. మొదటి వరుస మీరే పేర్చాలె" అనెను. అది నెపము కాదు. నా భార్య పేర్చిన వరుస నిజముగనే వంకరపోవును.

మా మేనత్త వయస్సు అప్పటికి డెబ్బది దాటినది. చాలసేపు పలుకలేదు. నేను తలుపుచాటుననే యుండి, ఏమనునో యని యూపిరి బిగపట్టితిని. ఎండ మూడవ బండ దగ్గరకు వచ్చియుండెను. ఆమె ఒక గునుగుకట్ట చేతికి తీసికొని, కాడను వ్రేళ్లతో నొక్కి చూచి, మొగము చిట్లించెను.

"ఇవి ఇంక పచ్చిగనే ఉన్నయి. కట్టంగనే కుంగుతయి. నిన్నటివి గూట్లె పెట్టిన, అవి తే పో."

నా భార్య తెచ్చుటకు లోనికి పోయెను.